ఖండన రాని వార్త

1991 ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం, భద్రాచలం ప్రభుత్వాసుపత్రి ల్యాబు గదిలో డాక్టర్ సుధాకర్ రెండు గాజు గొట్టాలను స్టాండులో పక్కపక్కన నిలబెట్టారు. రెండూ ఒకే మనిషి మూత్రాన్ని పరీక్షించడానికి. మొదటి గొట్టంలో నీలిరంగు మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి మరిగించారు. రంగు మారలేదు. చక్కెర లేదని అర్థం. నేను ఆశించి వచ్చింది అదే. రెండో గొట్టంలో మూత్రమే పోశారు, మందేమీ కలపలేదు. పైభాగాన్ని మాత్రం స్పిరిట్ దీపం మీద వేడిచేసి, పలచటి ఆమ్లం రెండు చుక్కలు వేశారు. అంతదాకా తేటగా ఉన్న ద్రవం పైన విరిగిన పాలలా తెల్లగా తెట్టు కట్టింది.

డాక్టరు ఆ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. ఈ పరీక్ష ఇంతకుముందు ఎవరైనా చేశారా అని నన్నడిగారు. లేదన్నాను. అయితే మీరు వేసిన వార్తలో సగం పరీక్షే ఉంది అన్నారు.

ఆ మూత్రం వీరభద్రానిది. ఖమ్మం, భద్రాచలం మధ్య తిరిగే బస్సు డ్రైవరు. గోడవారన బల్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి, వాచిన పాదాలను నేల చల్లదనానికి ఆనించుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అతన్ని అక్కడికి తీసుకువెళ్ళింది నేనే. ఫాలోఅప్ రాయడానికి. అంతకుముందు వేసిన వార్త తర్వాత ఏం జరిగిందో చెప్పే వార్తను మా వృత్తిలో అలా అంటారు. మెడలో ఆఫీసు కెమెరా కూడా ఉంది.

ఆ వార్త సంగతి చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి.

1989 జూన్‌లో నన్ను ఖమ్మం జిల్లా కార్యాలయం నుంచి భద్రాచలానికి స్టాఫ్ రిపోర్టరుగా వేశారు. పత్రికల్లో కంట్రిబ్యూటరు అంటే నెలజీతం లేకుండా తన మండలం నుంచి వార్తలు పంపేవాడు. స్టాఫ్ రిపోర్టరు సంస్థ ఉద్యోగి. తన వార్తలతో పాటు తన పరిధిలోని కంట్రిబ్యూటర్లు రాసేవాటికీ బాధ్యుడు. గోదావరి వరద, తునికాకు సేకరణ, చలిజ్వరాలు, కలప దొంగరవాణా, ఏడాది పొడుగునా ఇవే మా వార్తలు. ముఖ్యమైనవి ఫోనులో చెప్పేవాళ్ళం. మిగిలినవి తెల్లకాగితాల మీద రాసి, కవరులో పెట్టి, పైన పత్రిక పేరు రాసి మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఇచ్చేవాళ్ళం. ఖమ్మం బస్టాండులో మా ఆఫీసు మనిషి అందుకునేవాడు. వారంలో ఐదు రోజులు ఆ బస్సు నడిపింది వీరభద్రమే.

అప్పటికి అతనికి యాభై రెండేళ్ళు. సొంతూరు కుసుమంచి పక్కన చిన్న పల్లె. భార్య సైదమ్మతో ఖమ్మం శివారు ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఉండేవాడు. కవరు అందుకుని అద్దం వెనక నిలబెట్టేటప్పుడు రోజుకో మాట వేసేవాడు. "ఏంది పేపర్ సారూ, ఇయ్యాల కవరు గింత సన్నగున్నది? ఊళ్ళె ఎవలు కొట్టుకోలేదా?" అనేవాడు ఒకరోజు. లావుగా ఉంటే, "మీ కవరెక్కితే నా బండి గేరు పడ్తలేదు" అనేవాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క ప్రమాదం లేదు. అది అతను స్వయంగా చెప్పుకునేవాడు కాదు, కండక్టర్లు చెప్పేవారు.

అతనికి చక్కెర వ్యాధి ఉందని నాకు తెలియడానికి కారణం పరీక్షలు. వయసు మళ్ళిన డ్రైవర్లకు డిపోలో ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. చూపు, రక్తపోటు, మూత్రం. మూత్రంలో చక్కెర అదుపు తప్పినట్టు తేలితే స్టీరింగు దగ్గరి నుంచి దించి వేరే పనికి మారుస్తారు, లేదా ఇంటికి పంపుతారు. మందు గొట్టంలో నీలం ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం. పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. 1990 మార్చిలో వీరభద్రం గొట్టం నారింజకు తిరిగింది. మూడు నెలలు గడువిచ్చి, మళ్ళీ రమ్మన్నారు.

అడవి అంచు పల్లెల్లో పెద్దేగి చెట్టు చేవతో చేసిన కొయ్య గ్లాసులు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. ఆ చెట్టును కొందరు వేగిస అంటారు. గ్లాసులో సాయంత్రం నీళ్ళు పోసి ఉంచితే తెల్లవారేసరికి తేనె రంగుకు వస్తాయి. పరగడుపున తాగితే చక్కెర తగ్గుతుందని నమ్మకం. భద్రాచలంలో రహీం అనే కొయ్యపని మనిషి వీటిని లేతు మిషను మీద చెక్కి అమ్మేవాడు. వీరభద్రం ఒకటి కొన్నాడు. ఏప్రిల్ నుంచి ఆ నీళ్ళు తాగాడు, చక్కెర జబ్బుకు పదేళ్ళుగా వేసుకుంటున్న మాత్రలు మానేశాడు. జూన్ చివర డిపో డిస్పెన్సరీలో పరీక్ష చేస్తే గొట్టం నీలంగా నిలిచింది. గండం గడిచింది. ఆ వారమంతా బస్సులో ఎక్కినవాళ్ళందరికీ గ్లాసు సంగతి చెప్పాడు. నాకూ చెప్పాడు.

వార్తలు దిద్దే మా డెస్కులో ఒక నియమం ఉండేది: చూడనిది రాయొద్దు. నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. డిపో కాంపౌండరును అడిగి నా ఎదుట పరీక్ష చేయించాను. ఏ డిపో అన్నది ఇక్కడ అనవసరం. నీలం నా కళ్ళతో చూశాను. ఫొటో తీశాను. ఆరోగ్యం ఎలా ఉందని వీరభద్రాన్ని అడిగాను. "మస్తుగున్న సారూ. ఇదివరకు రాత్రి నాలుగైదు సార్లు లేసేటోన్ని, ఇప్పుడు ఒక్కసారే లేస్తున్న" అన్నాడు. అదీ రాశాను. మాత్రలు మానేసి మూడు నెలలైందని అతను చెప్పిన మాట కూడా ఉన్నదున్నట్టు రాశాను. జులైలో జిల్లా పేజీలో గీతల మధ్య, అంటే బాక్సుగా, పడింది. 'కొయ్య గ్లాసుతో చక్కెరకు కళ్ళెం' అని డెస్కు శీర్షిక పెట్టింది. అందులో ఒక్క అబద్ధం లేదు.

చక్కెర ఉండి కూడా గొట్టం నీలంగా ఎలా నిలవగలదో ఫిబ్రవరి పరీక్ష రోజు డాక్టర్ సుధాకర్ నాకు వివరించారు. రక్తంలో చక్కెర ఒక మట్టం దాటితే కిడ్నీల గుండా మూత్రంలోకి పొర్లుతుంది. మనం గొట్టంలో చూసేది ఆ పొర్లినదాన్నే. ఏళ్ళ తరబడి చక్కెర, రక్తపోటు కలిసి కిడ్నీలను దెబ్బతీస్తే అవి వడకట్టే రక్తమే తగ్గిపోతుంది. చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది, మూత్రం మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. పాడైన జల్లెడలోంచి ఒంటికి కావలసిన మాంసకృత్తులు జారిపోతాయి. రెండో గొట్టంలో కట్టిన తెట్టు అదే. నాకు ఇంకా అనుమానం తీరలేదని గమనించి, అటవీ చెక్‌పోస్టు ఉదాహరణ చెప్పారు. "గార్డు నిద్రపోయాడనుకోండి. తెల్లారి రిజిస్టరు ఖాళీగా ఉంటుంది. ఆ రాత్రి కలప పోలేదని వార్త రాస్తారా?"

రాత్రిళ్ళు లేవడం తగ్గడానికి కారణమూ అదే. కాళ్ళ వాపును మేమంతా డ్రైవరు కూర్చునే పనిలో మామూలే అనుకున్నాం.

అదే రోజు రక్తం తీశారు. పూర్తి పరీక్షలు ఖమ్మంలోనే అవుతాయి కనుక సీసాలను మంచుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి రెండు గంటల బస్సుకు ఇచ్చారు. నా కవరు పక్కన ఆ ఫ్లాస్కు పెట్టుకుని తన రక్తాన్ని తానే ఖమ్మం తీసుకుపోయాడు వీరభద్రం. స్టీరింగు పట్టడం అతనికి అదే చివరిసారి. మూడో రోజు రిపోర్టు వచ్చింది. చక్కెర ఉండవలసిన దానికి రెట్టింపు పైన ఉంది. యూరియా, క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపవలసిన మలినాలు, బాగా పేరుకున్నాయి. కొలెస్టరాల్ కూడా ఎక్కువే. రక్తం పైన తేరిన ద్రవం పలచటి మజ్జిగలా ఉందని టెక్నీషియను పక్కన రాశాడు. కిడ్నీల నుంచి మాంసకృత్తులు పోతుంటే కాలేయం కొవ్వును ఎక్కువ తయారు చేస్తుందనీ, ఇలాంటి రోగిని చాలాసార్లు కిడ్నీ కంటే ముందు గుండే తీసుకుపోతుందనీ డాక్టరు అన్నారు.

వైద్యం మొదలైంది. పాత మాత్రలు మళ్ళీ ఇవ్వలేదు. దెబ్బతిన్న కిడ్నీలు ఆ మందును బయటికి పంపలేవు, ఒంట్లో పేరుకుని చక్కెరను ప్రమాదకరంగా దించేస్తుంది. బదులుగా కొద్ది మోతాదు ఇన్సులిన్, రక్తపోటుకు మాత్రలు. కొవ్వు తగ్గించే మందులు ఆ రోజుల్లో మా ప్రాంతంలో దొరికేవి కావు; నూనె, నెయ్యి, మాంసం తగ్గించడం, బీడీ మానడమే దారి. పథ్యం కాగితం చదివి వినిపించినప్పుడు వీరభద్రం వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత డాక్టరుతో, "చక్కెరకు అన్నం వద్దంటివి. కిడ్నీకి పప్పు వద్దంటివి. కొవ్వుకు కూర వద్దంటివి. ఉప్పు అసలే వద్దంటివి. మరి నన్ను ఏం తినుమంటవ్ సారూ, గాలా?" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. ప్రతిదీ కొలత ప్రకారం తినాలి, పూర్తిగా మానేది ఉప్పూ బీడీ మాత్రమే అని మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. అలాంటి రోగికి ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి చెడుతుందనీ, మూడింటినీ ఒకే తక్కెడలో తూచాలనీ నాకు అప్పుడే అర్థమైంది.

ఆ వారమే ఖమ్మం వెళ్ళి జిల్లా డెస్కు ఇన్‌చార్జిని కలిశాను. మన వార్త తప్పు, సవరణ వేయాలన్నాను. ఆయన నాకంటే పదేళ్ళు సీనియరు, మంచివాడు. పాత కాపీ తెప్పించి చదివారు. "ఇందులో తప్పేముంది? నువ్వు చూసిందే రాశావు. ఖండన ఎవరిచ్చారు?" అన్నారు.

ఈ ఖండన గురించి చెప్పాలి. వార్తలో పేరున్నవాళ్ళు అది నిజం కాదని సంతకంతో పంపే కాగితం ఖండన. అది వస్తే పరిశీలించి వేసేవాళ్ళం. రాకపోతే వార్త నిలిచినట్టే. రిపోర్టరు తనంతట తానే నా వార్త తప్పంటే పత్రిక పరువు ఏమవుతుందన్నది మా అందరికీ వృత్తిలో అబ్బిన ఆలోచన. నేనూ అంతవరకు దాన్ని ప్రశ్నించలేదు. డాక్టరును రాయమని అడిగాను. ప్రభుత్వోద్యోగి పై అధికారుల అనుమతి లేకుండా పత్రికకు రాయకూడదు. ఆయన అనుమతికి దరఖాస్తు పెట్టారు, జవాబు రాలేదు. రహీం దగ్గరికి వెళ్ళాను. లేతు ఆపి, చేతుల మీది పొట్టు దులుపుకుని, "నేను గ్లాసు అమ్మిన సాబ్, దవా అమ్మలే. మాత్రలు మానుమని నేనెన్నడన్న చెప్పిన్నా? ఆ ముచ్చట మీ పేపర్లనే ఉన్నది" అన్నాడు. నిజమే. అతని దుకాణం గోడకు మా వార్త అద్దం కట్టించి ఉంది. తీసేయమన్నాను. "ఇంకో వార్త రాయుండ్రి, అది పెడత" అన్నాడు.

ఇక మిగిలింది వీరభద్రం. డాక్టరు రాసిన సిక్ లీవులో ఖానాపురం హవేలిలో ఉన్నాడు. జబ్బు ఏమిటో డిపోకు ఇంకా తెలియదు, కామెర్లని చెప్పుకున్నాడు. ఖండన కాగితం నేనే రాసి తీసుకెళ్ళాను. చదివి మడిచి నాకే ఇచ్చాడు. "ఇది పేపర్ల పడ్డ దినం నా స్టీరింగు పాయె సారూ. నాలుగేండ్ల సర్వీసున్నది. జర నయమైతే పోయి ఎక్కుత. అప్పటిదాంక ఆగుండ్రి" అన్నాడు. సైదమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "అన్నా, రాసేటప్పుడు అడిగి రాసినవా? ఇప్పుడెందుకు అడుగుతున్నవ్?" అంది. కాగితం జేబులో పెట్టుకుని తిరిగి వచ్చాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. అప్పుడప్పుడు వెళ్ళి చూసేవాణ్ణి. కాగితం మాట ఎత్తేవాణ్ణి కాదు. అతను బాగుపడతాడని నేను కూడా కొంత ఆశించానేమో. చక్కెర నిజంగానే తగ్గుతూ వచ్చింది. ఇంట్లో సంతోషించారు. డాక్టరుకు చెబితే ఆయన ముఖం మారింది. కిడ్నీలు చివరి దశకు వస్తే ఇన్సులిన్ ఒంట్లోనే ఎక్కువసేపు నిలుస్తుంది, నిన్నటి మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. వెంటనే తగ్గించాలని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ నేను మరుసటి రోజు బస్సులో పంపాను. అది చేరే రోజు తెల్లవారుజామునే వీరభద్రం చెమటలు కక్కి స్పృహ తప్పాడు. సైదమ్మ పక్కింట్లో ఉండే నర్సును పిలిచింది. ఆమె చెప్పినట్టు దవడ లోపల చక్కెర రుద్దారు. పావుగంటలో కళ్ళు తెరిచాడు. కబురు తెలిసి మర్నాడు వెళ్ళాను. "పదేండ్ల సంది చక్కెర డబ్బా దాసిపెట్టిన. ఆ డబ్బనే మనిషిని లేపింది" అని సైదమ్మ నాతో చెప్పి ఏడ్చింది.

వీరభద్రం మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "కాయితం తెచ్చినవా?" అన్నాడు. తేలేదన్నాను. "గిదే పాల్వంచ దాటినంక స్టీరింగు మీద అయితే ఏందీ గతి? యాభై మందిని పట్టుకపోయేటోన్ని. రాయి, ఇక్కన్నే రాయి" అన్నాడు. సైదమ్మ తెచ్చిచ్చిన పాత నోటుబుక్కులో రాశాను. సంతకం పెట్టే ముందు ఒక వాక్యం కలపమన్నాడు. గ్లాసు మంచిదో చెడ్డదో నాకు తెలియదు, మాత్రలు మానడం నా తప్పు అని. నా తప్పు అన్నచోట మా తప్పు అని రాయబోయాను. వద్దన్నాడు. "నా కడుపుల మాత్రలు నేనే వెయ్యలే గదా, నువ్వు మింగేది కాదు" అన్నాడు.

జూన్‌లో ఆ ఖండన పడింది. జిల్లా పేజీ అడుగున, సినిమా ప్రకటన పక్కన, ఎనిమిది పంక్తులు. బొమ్మ లేదు. డిపో అతన్ని బండి నడపడానికి పనికిరాడని తేల్చి ఇంటికి పంపింది. అప్పట్లో మాకు తెలిసినంతలో డయాలసిస్ అంటే హైదరాబాదే. రెండుసార్లు తీసుకెళ్ళారు. మూడోసారి బయలుదేరవలసిన రోజు తాను రానన్నాడు. 1991 నవంబరులో ఇంట్లోనే పోయాడు. గుండె అన్నారు. నేను వెళ్ళేసరికి డిపో వాళ్ళు చాలామంది వచ్చి ఉన్నారు. సైదమ్మ నాతో మాట్లాడలేదు. తర్వాత కూడా మాట్లాడలేదు.

1990 ఏప్రిల్‌లో మాత్రలు మానకుండా ఉంటే ఏమయ్యేదని డాక్టరును అడిగాను. కిడ్నీలు అంతకు ముందే పాడై ఉన్నాయి, బతికేవాడని చెప్పలేను. కాని జులైలో మీరు కాంపౌండరు దగ్గరికి కాక నా దగ్గరికి వచ్చి ఉంటే ఏడు నెలలు చేతిలో ఉండేవి అన్నారు. ఆ ఏడు నెలల్లో ఎంత సాధ్యమయ్యేదో ఆయనా చెప్పలేకపోయారు.

తర్వాత పద్నాలుగేళ్ళు రిపోర్టరుగా ఉన్నాను. వైద్యం మీద వార్త వచ్చినప్పుడల్లా నేను చూసినదానికి ఇంకేమైనా కారణం ఉండవచ్చా అని ఆ విద్య తెలిసినవాళ్ళను అడిగి గాని రాయలేదు. కంట్రిబ్యూటర్లకూ అదే చెప్పాను. ఖండన కోసం ఎదురుచూడకుండా సవరణ వేయించడం మాత్రం ఆ పద్నాలుగేళ్ళలో రెండుసార్లే సాధ్యమైంది.

మొదటి వార్త పడ్డాక గ్లాసు ఎక్కడ దొరుకుతుందని పాఠకులు భద్రాచలం ఆఫీసుకు కార్డులు రాశారు. మధిర నుంచి, సత్తుపల్లి నుంచి, సరిహద్దు ఊరు కుంట దాటి ఆవలి నుంచి కూడా. ప్రతి కార్డుకూ రహీం దుకాణం చిరునామా రాసి జవాబిచ్చాను. ఆ కార్డులు దాచలేదు. ఖండన పడ్డాక వెతికితే బల్ల సొరుగులో పదకొండు మిగిలాయి. ఆ పదకొండు మందికీ మాత్రలు మానవద్దని, రక్తం పరీక్ష చేయించుకోమని ఉత్తరాలు రాశాను. నలుగురు జవాబిచ్చారు. రెండు ఉత్తరాలు చిరునామాదారు లేరని తిరిగివచ్చాయి. మిగిలిన ఐదుగురి సంగతి గాని, నేను పారేసిన కార్డులు రాసినవాళ్ళ సంగతి గాని నాకు ఇప్పటికీ తెలియదు.